తెల్లచీర మీద పట్టుశాలువా

నా కోడలు వాళ్ళమ్మని కడసారి చూసుకోలేకపోయింది. అందుకు కారణం దేవుడు కాదు, జబ్బూ కాదు. నా కొడుకు డానీ, తిరువూరు గిరిబాబు. ఒకడు తెలివితో చేశాడు, ఒకడు ఆశతో చేశాడు. దీని మీద నాతో వాదించడానికి ఎవరూ రానక్కర్లేదు.

కోడలి పేరు షిరానీ. శ్రీలంక పిల్ల. నెగొంబో అని సముద్రం ఒడ్డున ఊరు. మావాడు కువైట్‌లో కారు తోలే ఇంట్లోనే తను వంట చేసేది. అక్కడి చర్చిలోనే పెళ్ళి చేసుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. మాలాగే కథోలిక్కులు. నా భార్య చిట్టెమ్మ మంచాన పడితే, పోయేదాకా ఎత్తిందీ దించిందీ కడిగిందీ ఈ పిల్లే. కన్నకూతురు పండక్కి వచ్చి ఏడ్చి పోయేది. ఈ పిల్ల ఏడవలేదు, చేసింది. అంతకన్నా చెప్పేదేం లేదు.

ఏళ్ళ తరబడి కాపురం చేశాక ఈ దేశం పౌరసత్వానికి పెట్టుకుంది. పోలీసులు వచ్చి పేటంతా విచారించి వెళ్ళారు. ఒక చలికాలం, ఒప్పుకుంటున్నామని కబురొచ్చింది. ముందు పాత పాస్‌పోర్టు వాళ్ళ దేశం వాళ్ళకి అప్పజెప్పమన్నారు. అప్పజెప్పింది. ఇక్కడి సర్టిఫికెట్టు వస్తేగాని ఇక్కడి పాస్‌పోర్టు ఇవ్వరు. అది వచ్చేదాకా అటూ కాదు, ఇటూ కాదు. సరిగ్గా అప్పుడే నెగొంబోలో తల్లికి గుండె జబ్బు ముదిరింది.

మామిడి సీజన్‌లో నేను ఇంటి పట్టున ఉండను. రెడ్డిగూడెం దగ్గర గిరిబాబు వాళ్ళ తోటకి కాపలా, కోత పని చూసుకోవడం. పాకలోనే పడక. ఆదివారం పూజకి మాత్రం బస్సెక్కి తిరువూరు వస్తాను. ఈస్టరు దాటాక ఒక ఆదివారం వచ్చేసరికి షిరానీ వసారాలో కూర్చుని ఫోన్‌లో తల్లితో మాట్లాడుతోంది. నన్ను చూసి ఫోను నా వైపు తిప్పింది. మంచం మీద ఎముకల గూడులాంటి ముసలమ్మ. పేరు ఫిలోమినా. నన్ను చూసి మెడలో జపమాల పైకెత్తి చూపించింది. నేనూ దణ్ణం పెట్టాను. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు.

"ఏమంటోంది?" అన్నాను.

"మామిడికాయలు ఎప్పుడు తెస్తావు అంటోంది మావయ్యా. తను తినలేదు ఇప్పుడు. ఊరికే అడుగుతోంది."

"తెస్తాలే అని చెప్పు."

"చెప్పాను. వచ్చే నెల వస్తాను అని చెప్పాను."

తోట నుంచి తెచ్చిన సంచీలో బంగినపల్లి కాయలున్నాయి. షిరానీ ఒకటి తీసి ఫోన్ ముందు పెట్టింది. తొడిమతో సహా కోసిన కాయ, సొన మచ్చ లేదు. ముసలమ్మ నవ్వింది. పళ్ళు లేవు. నాకు చిట్టెమ్మ గుర్తొచ్చింది. అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రమే గిరిబాబు మా ఇంటికి వచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. మున్సిపాలిటీ ఎన్నికలు వస్తున్నాయని, ఆయన నిలబడతాడని ఊరంతా అనుకుంటున్న రోజులు. వెనక, ఆయనకి ప్రసంగాలు రాసిపెట్టే నవీన్ కుమార్ మాస్టారు సంచీ పట్టుకుని ఉన్నాడు. డానీ పరిగెత్తి పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాడు.

"ఏం శౌరయ్యా, తోట వదిలేసి ఇక్కడున్నావేంటి? కోతులకి అప్పజెప్పి వచ్చావా?"

"ఆదివారం గదండీ. పూజకొచ్చాను."

"మీ దేవుడు నయం. వారానికి ఒక రోజు సెలవిస్తాడు. ఓటర్లు నాకు అదీ ఇవ్వరు." తనే నవ్వాడు. డానీ కూడా నవ్వాడు, అవసరమైన దానికన్నా ఎక్కువగా.

తర్వాత షిరానీ వైపు తిరిగాడు. "అమ్మా, నీ సంగతి మన డానీ చెప్పాడు. ఒక విదేశీ ఆడబిడ్డ మన తిరువూరు పౌరురాలు కావడం అంటే మాటలా? పోస్టులో కాగితం వచ్చింది, బీరువాలో పెట్టుకున్నాం అంటే కుదరదు. సభ పెడదాం. మన పార్టీ పెద్దాయన్ని పిలుద్దాం. ఆయన చేతుల మీదుగా నీకు అందిద్దాం."

"సభ ఎందుకు సార్? కాగితం చాలు."

"చూశారా మాస్టారూ, ఎంత అమాయకురాలో!"

"మా అమ్మకి బాలేదు సార్. కాగితం తొందరగా వస్తే నేను వెళ్ళి చూసి వస్తాను."

"నేను తెప్పిస్తానమ్మా. కలెక్టరాఫీసులో మనవాడున్నాడు. నువ్వు నిశ్చింతగా ఉండు."

షిరానీ రెండు చేతులూ జోడించింది. ఆ మాట నమ్మింది. నేనూ నమ్మాను. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. గిరిబాబు గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగినట్టు చేసి, వెళ్ళేటప్పుడు నిండు గ్లాసు గోడ మీద పెట్టి పోయాడు. కారు దాకా డానీ వెంట నడిచాడు. అక్కడ చాలాసేపు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చిన డానీ మొహం వెలిగిపోతోంది.

"మార్కెట్ యార్డు పక్కన షాపులు కడుతున్నారంట నాన్నా. ఒకటి మనకి రాయిస్తానన్నాడు గిరన్న."

"దేనికి రాయిస్తాడు?"

"మనమంటే అభిమానం."

"పాతికేళ్ళుగా ఆ తోటలో పడి ఉన్నాను. నాకు కనపడని అభిమానం నీకెట్టా కనపడిందిరా?"

"నువ్వు అన్నిట్లో తప్పులు వెతుకుతావు" అన్నాడు.

రెండు వారాలు పోయాక నవీన్ కుమార్ మాస్టారు ప్రసంగం రాసి పంపాడు. షిరానీ దాన్ని గట్టిగా చదివి నేర్చుకుంటోంది. తెలుగు చదవడం నా మనవరాలు గ్లోరి బడి పుస్తకాలు చూసి నేర్చుకున్న పిల్ల. కూడబలుక్కుని చదువుతుంది.

"'నా కన్నతల్లిని మరిచి, భరతమాత ఒడిలో...' మావయ్యా, మరిచి అంటే మర్చిపోయి?"

"ఆఁ."

"నేను మర్చిపోలేదు కదా."

డానీ అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. "సభల్లో అట్టాగే అంటారు షిరానీ. అది సాహిత్యం."

"ఆ ముక్క కొట్టేయించరా" అన్నాను.

"ఐదో తరగతి చదివినోడివి, మాస్టారు రాసింది దిద్దుతావా నాన్నా?"

"ఐదో తరగతిలో మాకు అమ్మని మరవమని చెప్పలేదు."

వాడు దువ్వెన విసిరేసి బయటికి పోయాడు. షిరానీ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. చిన్నగా నవ్వింది కూడా. ఆ ఎండాకాలంలో ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

సభ తేదీ పెట్టారు, మార్చారు. పెద్దాయన ఇంట్లో పెళ్ళన్నారు. తర్వాత ఎండలు ఎక్కువగా ఉన్నాయి, జనం రారు అన్నారు. తర్వాత పెద్దాయన ఢిల్లీ వెళ్ళాడన్నారు. తేదీ మారినప్పుడల్లా సెంటర్లో ఫ్లెక్సీ మారింది. దాని మీద గిరిబాబు మొహం తలుపంత ఉంది. నా కోడలి మొహం అడుగున ఒక మూల అప్పచ్చంత ఉంది.

షిరానీ రోజూ మొగుణ్ణి అడిగేది. "కాగితం వచ్చిందా?"

"రాలేదు. రాగానే చెప్పనా?"

ఒక రోజు గిరిబాబు తోటకి వచ్చాడు. హైదరాబాదు బంధువులకి పెట్టెలు కట్టించడానికి. గెడకి కట్టిన చిక్కంతో కాయ దింపుతున్నవాణ్ణి, గెడ పక్కన పెట్టి అడిగాను.

"అయ్యా, మా కోడలి కాగితం సంగతి ఏమైందండీ? అక్కడ ముసలమ్మ రోజులు లెక్కపెడుతోంది."

"గవర్నమెంటు పని శౌరయ్యా. మామిడికాయా, గెడ పెట్టి లాగడానికి? వస్తే నీకు చెప్పకుండా నేనేమన్నా దాచుకుంటానా?"

నా కళ్ళలోకి చూస్తూనే అన్నాడు. తర్వాత పెట్టెలోంచి ఒక కాయ తీసి వాసన చూసి, "ఇవి ముగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాడు.

మే నెల చివర్లో నెగొంబో నుంచి షిరానీ తమ్ముడు ఫోన్ చేశాడు. తల్లి పోయింది. నాకు కబురు తెలిసి తోట నుంచి వచ్చేసరికి పేటలో ఆడవాళ్ళు మా వసారాలో కూర్చున్నారు. షిరానీ మధ్యలో ఉంది. తెల్లచీర కట్టుకుని ఉంది. వాళ్ళ దేశంలో చావింట్లో తెల్లబట్టలే కడతారు. బొట్టు పెట్టుకునే అలవాటు ఎటూ లేదు. గాజులు తీసి పక్కన పెట్టింది. మా పక్కింటి సామ్రాజ్యం నా చెవిలో గుసగుసగా అంది. "అన్నయ్యా, మొగుడు బతికుండగా ఈ అవతారమేంటి? విప్పమని చెప్పు." నేను చెప్పలేదు.

వాళ్ళ దగ్గర ఇంకో పద్ధతి ఉంది. దూరాన ఉన్న బిడ్డ కోసం శవం చెడకుండా మందెక్కించి, పెట్టెలో పెట్టి, రోజుల తరబడి ఇంట్లోనే ఉంచుతారు. రాత్రింబవళ్ళు మనుషులు కాపలా కూర్చుంటారు. వీధంతా తెల్లజెండాలు కడతారు. తమ్ముడు ఫోన్‌లో అంతా చూపించాడు. ముసలమ్మకి లేసు అంచు తెల్లగౌను వేశారు. చేతుల్లో జపమాల చుట్టారు.

"అక్కా, ఎప్పుడు వస్తావు? ఎన్నాళ్ళు ఉంచమంటావు?" అని అడుగుతున్నాడట. షిరానీ నాకు చెప్పింది. చెప్పి డానీ వైపు చూసింది.

"ఇంకోసారి ఆఫీసుకి వెళ్ళి అడుగు డానీ. కాళ్ళు పట్టుకుని అడుగు."

"అడుగుతాను" అన్నాడు. బండి తీసి వెళ్ళాడు. చీకటి పడ్డాక వచ్చాడు. "రాలేదంట" అన్నాడు. మొహం కడుక్కుని, పళ్ళెం తీసుకుని, అన్నం పెట్టుకుని తిన్నాడు. నేను చూస్తూ ఉన్నాను. పెరుగు కూడా వేసుకున్నాడు.

అక్కడ వాళ్ళు ఆగగలిగినన్ని రోజులు ఆగారు. మంగళవారం పాతిపెట్టారు. షిరానీ ఫోను గోడకి ఆనించి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. మన్ను వేసేటప్పుడు సిగ్నల్ పోయింది.

సభ ఆ ఆదివారమే. ఈసారి మారదన్నారు. శనివారం గిరిబాబు భార్య సుప్రజ వచ్చింది. చేతిలో పట్టుచీర, ఆకుపచ్చది, ఎర్ర అంచు.

"ఇది కట్టుకోమ్మా. పుట్టింటి చీర అనుకో."

"నేను తెల్లది కట్టుకుంటానండి. మా అమ్మ పోయింది."

"తెలుసమ్మా, బాధే. కానీ శుభకార్యం కదా. తెల్లచీరతో స్టేజీ ఎక్కితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పెద్దాయన ఏమనుకుంటారు?"

"ఆయనకి అమ్మ లేదా?" అంది షిరానీ. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. సుప్రజ చీర మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది.

"వెళ్ళకు" అన్నాను నేను. "ఎవడికోసం వెళ్ళడం?"

"కాగితం అక్కడే ఇస్తారట మావయ్యా. సమాధి అయినా చూడాలి కదా."

ఆదివారం తెల్లచీరతోనే బయల్దేరింది. పక్కన గ్లోరి, వెనక నేను.

కల్యాణ మండపంలో సభ. బయట డప్పులు. లోపల కూలర్లు స్టేజీ వైపు తిప్పి ఉన్నాయి, జనం వైపు కాదు. బిర్యానీ పొట్లాలు ఉన్నాయని చెప్పి ఆటోల్లో తోలుకొచ్చిన ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ నన్ను అడిగింది.

"ఆ తెల్లచీరావిడ ఎవరు బాబాయ్? మొగుడు పోయాడా?"

"పోయినట్టే" అన్నాను.

అప్పటికి నాకు ఏమీ తెలియదు. వాడి తిండి చూసిన రోత కొద్దీ అన్నాను.

పెద్దాయన మధ్యాహ్నానికి వచ్చాడు. స్టేజీ మీద ఆయన, గిరిబాబు, ఇంకా కండువాల వాళ్ళు. ఒక చివర నా కోడలు. మరో చివర నా కొడుకు, కొత్త చొక్కాతో. తెల్లచీర ఫొటోలో బాగుండదని ఎవరో చెప్పినట్టున్నారు. గిరిబాబు లేచి తన మెడలోని పట్టుశాలువా తీసి షిరానీ మీద కప్పాడు. భుజాల మీద కాదు, చీర కనపడకుండా ముందు నుంచి, పసిపిల్లకి తువ్వాలు చుట్టినట్టు. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత ఇద్దరు మనుషులు బల్లంత ఫ్రేము మోసుకొచ్చారు. లోపల సర్టిఫికెట్టు. చుట్టూ బంగారు రంగు పూలు, పైన గిరిబాబు ఫొటో.

గిరిబాబు మైకు అందుకున్నాడు. దేశం గురించి చెప్పాడు, పెద్దాయన గురించి చెప్పాడు, తన గురించి చెప్పాడు. చివరికి డానీ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ తమ్ముడి గురించి ఒక్క మాట చెప్పాలి. అసలు ఈ కాగితం నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చిన వారంలోనే నా చేతికి వచ్చింది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? లాక్కుని ఇంటికి పోతాడు. మన డానీ ఏమన్నాడో తెలుసా? 'అన్నా, ఎన్నాళ్ళైనా సరే, పెద్దాయన చేతుల మీదుగానే తీసుకుంటాం. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు' అన్నాడు. అత్తగారు పోయినా కూడా మాట తప్పలేదు. అదీ క్రమశిక్షణ! అదీ నాయకుడి మీద గౌరవం! చప్పట్లు కొట్టండి!"

కొట్టారు.

వాడు దాన్ని గొప్పగా చెప్పాడు. దాచాల్సిన పని చేశామన్న జ్ఞానం కూడా వాడికి లేదు. డానీకి ఉంది. తల వంచుకున్నాడు. కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. షిరానీ తల తిప్పి మొగుణ్ణి ఒకసారి చూసింది. బజారులో ఎవరో పిలిచినట్టనిపించి చూసి, మనల్ని కాదులే అనుకుంటాం చూడండి, అట్టా చూసి ముందుకి తిరిగింది.

ఆమెని మాట్లాడమన్నారు. నవీన్ కుమార్ మాస్టారు కాగితం చేతికిచ్చి, మైకు కిందికి వంచాడు.

"అందరికీ నమస్కారం" అని చదివింది. అక్కడ ఆగింది. కాగితం మడిచింది.

"మా అమ్మ పేరు ఫిలోమినా. మంగళవారం పాతిపెట్టారు. నేను వెళ్ళలేదు. కాగితం ఇచ్చినందుకు థ్యాంక్స్."

వెళ్ళి కూర్చుంది.

జనం పెద్దాయన వైపు చూశారు. తర్వాత పెద్దాయన చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి గిరిబాబు కొట్టాడు. గిరిబాబు కొట్టాడు కాబట్టి జనం కొట్టారు. "జై" అన్నాడొకడు. బయట డప్పులవాళ్ళు అయిపోయిందనుకుని అందుకున్నారు. బిర్యానీ పొట్లాల కోసం ఆడవాళ్ళు లేచారు. మా పేట వాళ్ళు కూడా ఉన్నారు వాళ్ళలో. ఆ పిల్ల చెప్పింది అందరికీ అర్థమయ్యే తెలుగే. అర్థమైనవాళ్ళు కూడా పొట్లం చేత్తో పట్టుకునే బయటికి వచ్చారు.

ఫ్రేము ఆటోలో పట్టలేదు. షిరానీ దాన్ని మండపం వెనక మెట్ల మీద పెట్టింది. నా నడుముకి ఎప్పుడూ ఉండే కత్తి అడిగింది, తొడిమలు కోసేది. వెనక అట్ట కోసి తీసింది. కాగితాన్ని ప్లైవుడ్డుకి జిగురుతో అంటించారు, వంకర పోకుండా. ఆ పిల్ల ఎండలో మెట్ల మీద కూర్చుని, అంచు నుంచి కొద్దికొద్దిగా గీకి లేపింది. మూల కొంచెం చిరిగింది. డానీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"షిరానీ, నేను గీకుతా, ఇటివ్వు."

ఆమె ఇవ్వలేదు. శాలువా మెట్ల మీద వదిలేసి, గ్లోరి చెయ్యి పట్టుకుని నడిచింది.

నేను వాడి దగ్గరికి వెళ్ళాను. "ఈ రాత్రికి ఎక్కడ పడుకుంటావో చూసుకో. నా ఇంటికి మాత్రం రావద్దు" అన్నాను.

"నాన్నా, మన మంచి కోసమే... షాపు..."

"ఆ షాపులోనే పడుకో."

వాడు ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు. ఇప్పటికీ వేయదు.

మర్నాడు తోటకి వెళ్ళి నా దుప్పటి, గిన్నెలు తెచ్చుకున్నాను. కాయ ఇంకా చెట్ల మీదే ఉంది. ఎవరు కోసుకున్నారో, కోతులే తిన్నాయో నేను కనుక్కోలేదు.

పాస్‌పోర్టు వానలు మొదలయ్యాక వచ్చింది. తను పుట్టిన ఊరికి తను వీసా తీసుకుని వెళ్ళింది. గ్లోరిని నాకు అప్పజెప్పింది. తిరిగి వస్తావా అని నేను అడగలేదు, అడిగే హక్కు మా ఇంటికి లేదు. వచ్చింది. పిల్ల కోసం వచ్చింది. ఇప్పుడు నా ఇంట్లోనే ఉంటోంది. హాస్పిటల్లో ఆయా పని చేస్తోంది. డానీ మార్కెట్ యార్డు పక్కన షాపులో ఉంటున్నాడు. గిరిబాబు గెలిచాడు.

ఫాదర్‌గారు ఒకసారి ఇంటికి వచ్చి, "క్షమించాలి శౌరయ్యా, కన్నకొడుకు" అన్నారు.

"క్షమించడం షిరానీ ఇష్టం ఫాదర్. నా చేతిలో లేదు."

"మరి నీ సంగతి?"

"నాది అయిపోయింది."

చిట్టెమ్మ ఆబ్దికానికి డానీ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. షిరానీ వాడికీ విస్తరి వేసింది. తల్లి పేరున పెట్టే అన్నం, పెట్టనివ్వాలి కాబట్టి ఊరుకున్నాను. తిని, చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, ఆ రోజు అసలేం జరిగిందంటే..."

"పో ఇక్కణ్ణుంచి" అన్నాను.

పోయాడు.

మొన్న టీవీ కుర్రాడు విజయ్ కుమార్ వచ్చాడు. పంద్రాగస్టు ప్రోగ్రాం అంట, మీ కోడలి సభ గురించి రెండు మాటలు చెప్పమన్నాడు. తలుపేశాను. మీకు మాత్రం మొత్తం చెప్పాను, ఊళ్ళో గిరిబాబు చెప్పుకుంటున్నదే నిజమని నిలబడిపోతుందని. ఇక దీని గురించి నన్ను ఎవరూ అడగొద్దు. అడిగినా చెప్పను. నా కొడుకు అడిగినా, ఫాదర్‌గారు అడిగినా, రేపు పైకి పోయాక చిట్టెమ్మ అడిగినా సరే, ఈ మాట మళ్ళీ నా నోట రాదు.